మంచమా, చేతికర్రా

తార్‌బహార్, బిలాస్‌పూర్
12 ఏప్రిల్ 2025

చిన్నాన్న గారికి,

నమస్కారం. నేను జ్యోతిర్మయిని, మీ అన్నయ్య సన్యాసిరావు గారి అమ్మాయిని. మీరు నన్ను ఆఖరిసారి చూసినప్పుడు నాకు పదేళ్ళు. ఇప్పుడు ముప్పై రెండు. ఫొటో పంపినా గుర్తుపట్టరు కాబట్టి పంపడం లేదు.

మీ అడ్రసు ఎలా దొరికిందో ముందు చెప్పాలి కదా. మా పక్కింటి ఉషారాణి ఆంటీ వాళ్ళు చర్చికి వెళ్తారు. వాళ్ళింటికి తెలుగు మాసపత్రిక ఒకటి వస్తుంది. మొన్న అందులో మీ పేరుతో ఒక వ్యాసం వచ్చింది, కింద నాగపూర్‌లో మీరు పాఠాలు చెప్పే క్రైస్తవ వేదాంత పాఠశాల అడ్రసు ఉంది. ఆంటీ దాన్ని నాన్నకి చదివి వినిపించారు. ముసలి యాకోబు, నన్ను ఈ పరాయి దేశంలో పాతిపెట్టకు అని కొడుకు చేత ఒట్టు వేయించుకుని, మంచం తలాపి మీద వంగి దేవుడికి దండం పెట్టాడా, చేతికర్ర మీద ఆనుకుని పెట్టాడా అని రాశారే, ఆ వ్యాసం. నాన్న కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారనుకున్నాం. ఆంటీ పత్రిక మడిచేసరికి "ఇంకోపాలి సదువమ్మా" అన్నారు.

మీ పాఠశాలకి ఫోన్ చేస్తే, సార్‌కి చెవులు వినపడవు, ఫోన్‌లో రాసినవి చూడరు, ఉత్తరం రాయండి అన్నారు. అచ్ఛా, ఉత్తరమే రాద్దాం అనుకున్నాను. అనుకున్నంత తేలిక కాదు. నాది హిందీ మీడియం. తెలుగు అక్షరాలు ఈ మూడు నెలల్లో ఆంటీ దగ్గర ఒకటో తరగతి పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నాను. వ్యాపార్ విహార్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో రోజంతా హిందీలో బిల్టీలు, అంటే ఏ లారీ సరుకు ఏ ఊరికో చెప్పే రసీదులు, రాసి, ఇంటికొచ్చి మీకు తెలుగులో ఉత్తరం. నాలుగు రోజులు పట్టింది. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

నాన్న మీకు రెండు ముక్కలు చెప్పారు. ఇరవై రెండేళ్ళ తర్వాత రెండే ముక్కలు! ఆయన గబగబా చెప్పేసరికి నా తెలుగు రాత అందుకోలేదు. అందుకని మాట తెలుగే, అక్షరాలు మాత్రం హిందీవి వేసి రాసుకున్నాను. ఆ కాగితమే విడిగా ఇందులో పెట్టాను. దాని గురించి నా ఉత్తరంలో ఒక్క మాట కూడా కలపకూడదట. "నాను సెప్పింది ఆ కాయితంలో ఉంది సాలు. నువ్వు మల్లా వివరాలు రాయకు" అని ఒట్టు వేయించుకున్నారు. ఒట్లు వేయించుకోవడంలో మీ యాకోబుకి ఏమీ తీసిపోరు.

నాన్న బాగానే ఉన్నారు.

మీ అన్న కూతురు,
జ్యోతిర్మయి

*

నాగపూర్
25 ఏప్రిల్ 2025

అమ్మా జ్యోతీ,

కవరు మీద మీ ఊరి పేరు చూసి సగం రోజు విప్పలేదు. విప్పాక మూడుసార్లు చదివాను. నీ ఉత్తరంలో దీర్ఘాలు చాలాచోట్ల ఎగిరిపోయాయి తల్లీ. నాన్నని "నన్న" చేశావు, రాసుకున్నానుని "రసుకున్నాను" చేశావు. ఆంటీని కాస్త చెవి మెలిపెట్టమని చెప్పు. ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. ఇలా నవ్వి చాలా రోజులైంది.

నా చెవుల సంగతి నిజమే. ఆరేళ్ళ కిందట కుడిది పోయింది, తర్వాత ఎడమది. ఒక పాత కీర్తనలో భక్తుడు దేవుడితో, నాకు చెవులు తవ్వావు అంటాడు. అది హెబ్రీ మాట. గ్రీకులోకి మార్చినవాళ్ళు దాన్ని, నాకు శరీరం అమర్చావు అని రాశారు. కొత్త నిబంధనలో హెబ్రీ విశ్వాసులకి ఉత్తరం రాసినాయన ఆ గ్రీకు మాటనే పట్టుకుని యేసు గురించి గొప్ప సంగతి చెప్పాడు. నాకైతే చెవులు తీసేసుకుని ఒళ్ళు మాత్రం ఉంచాడు దేవుడు. పిల్లలు పాఠంలో ప్రశ్నలు పలక మీద రాసి చూపిస్తారు.

నీకు పదేళ్ళప్పుడు ఏం జరిగిందో నీకెవరైనా చెప్పారో లేదో. మా నాన్న పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, అన్నయ్యకి పందొమ్మిది. అన్నయ్య రైల్వే షెడ్డులో ఖలాసీగా చేరి నన్ను పెంచాడు. డ్యూటీ దిగి, చేతులకి గ్రీజు ఉండగానే నా లెక్కలు చూసేవాడు. నా పుస్తకాల అంచులన్నీ నల్లగా ఉండేవి. నేను పెద్దయి బాప్తిస్మం తీసుకుంటే ఏడ్చాడు గానీ ఇంట్లోంచి పొమ్మనలేదు. తర్వాత పదేళ్ళకి అమ్మ పోయింది. తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెట్టాలి. నేను పెట్టనన్నాను. కుండ భుజాన పెట్టుకోను, పిండం ముట్టుకోను అన్నాను. అంతమందిలో, అమ్మని ఎదురుగా పెట్టుకుని. నీ కంటే చిన్నవాణ్ణేమీ కాదు అప్పుడు, ముప్పై ఆరేళ్ళు. అన్నయ్యే పెట్టాడు. పన్నెండో రోజున నాతో, "నాకు తమ్ముడు లేడు, పో" అన్నాడు. వచ్చేశాను.

కాగితం చదివాను. హిందీ అక్షరాల్లో అన్నయ్య గొంతు చూడటం వింతగా ఉంది. నేను రాసింది విన్నానన్నాడు, ఈ నేలకి రావద్దన్నాడు. సరేనని చెప్పు. ఒకసారి ఆయన మాట దాటాను. రెండోసారి దాటను.

నువ్వు మాత్రం రాస్తూ ఉండు.

చిన్నాన్న
శివాజీ

*

తార్‌బహార్
9 మే 2025

చిన్నాన్నా,

ముందు ఒక గొప్ప చెప్పుకోవాలి. మీ ఉత్తరం ఆంటీ సాయం లేకుండా మొత్తం నేనే చదివాను. మీ రాత అందంగా ఉంది కానీ కొమ్ములూ గుడులూ అన్నీ ఒకేలా వంకర తిరిగి ఉన్నాయి. కూడబలుక్కుని, ఊహించుకుని, ఆదివారం అంతా కూర్చుని పూర్తిచేశాను. సాయంత్రం నాన్నకి నేనే చదివి వినిపించాను.

తలకొరివి సంగతి దగ్గర ఆగబోయాను. "ఆగకు, సదువు" అన్నారు. గ్రీజు అంచుల పుస్తకాల దగ్గర మొహం గోడకి తిప్పుకున్నారు. ఆఖర్న, ఆయన మాట దాటనని మీరు రాసింది చదివితే నన్ను మళ్ళీ మళ్ళీ చదవమన్నారు. "సూసావా, ఆడు నా మాట ఇన్నాడు" అని ఆంటీని కూడా కేకేసి చెప్పారు. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నారు. నేను దిండు గలీబు మార్చబోతే కూడా తియ్యనివ్వడం లేదు.

ఇక్కడ ఎండలు చెప్పలేను. మిట్టమధ్యాహ్నం ఆఫీసులో కూలరు ముందు కూర్చున్నా బిల్టీ కాగితం చేతికి అంటుకుపోతోంది. మా పెరట్లో ఆనపపాదు సగం మాడిపోయింది. నాన్న దాన్ని కిటికీలోంచి చూసి రోజూ నన్ను తిడతారు, నీళ్ళు సరిగ్గా పోయలేదని.

మీకు నాన్న దగ్గర్నుంచి ఒక ప్రశ్న. అన్నది అన్నట్టే రాస్తున్నాను: "ఆ ముసిలోడు ఆకరికి మంచం మీదున్నాడా, లేచి కర్ర పట్టుకున్నాడా? ఏటో ఒకటి తేల్చి రాయమను. రెండూ రాసీసి ఊరుకుంటే ఎలాగ?" ఆంటీ కూడా అడగమన్నారు. చర్చిలో అందరూ ఇదే మాట్లాడుకుంటున్నారట.

జ్యోతి

*

నాగపూర్
22 మే 2025

అమ్మా జ్యోతీ,

అన్నయ్య సంతోషించాడని రాశావు. నేను రాననేసరికి అంత సంతోషించాడా అని ఒక పూట మనసు బాగోలేదు. తర్వాత సర్దుకున్నాను. ఇన్నేళ్ళకి నా వల్ల ఆయన మొహం వెలిగిందంటే, ఎందువల్ల అయితేనేం.

ఇక ప్రశ్న. నెమ్మదిగా చెప్తాను, ఆయనకి అర్థమయ్యేలా చదువు. హెబ్రీవాళ్ళు పాతరోజుల్లో హల్లులే రాసేవారు. గుణింతపు గుర్తులు లేవు. మన తెలుగులో తలకట్టూ గుడీ కొమ్మూ అన్నీ చెరిపేసి రాస్తే ఎలా ఉంటుందో అలా. చదివేవాడు తనకి తెలిసిన మాటని బట్టి అచ్చులు కలుపుకుని చదవాలి. యాకోబు వంగింది దేని మీద అంటే, అక్కడ ఉన్నవి మూడే అక్షరాలు. వాటిని మిట్టా అని చదివితే మంచం. మట్టే అని చదివితే కర్ర. క్రీస్తు పుట్టడానికి రెండు వందల ఏళ్ళకి ముందే, ఐగుప్తులో ఉండే యూదులు గ్రీకులోకి మార్చేటప్పుడు ఎవరో కర్ర అని చదివారు. హెబ్రీ చదివేవాళ్ళు మాత్రం మంచమనే చదువుకుంటూ వచ్చారు. గుర్తులు పెట్టడం వచ్చాక అలాగే పెట్టుకున్నారు.

తొలి క్రైస్తవ రచయితల్లో చాలామందికి హెబ్రీ రాదు. చేతిలో ఉన్నది గ్రీకు పుస్తకం. దాన్నే దేవుడి మాట అనుకుని ప్రేమించారు, దానిలోంచే ఎత్తి రాశారు, దాని కోసమే కొందరు చచ్చిపోయారు. హెబ్రీ విశ్వాసులకి ఉత్తరం రాసినాయనా కర్ర అనే రాశాడు. తప్పు చదివారు అనడం మాలాంటి పంతుళ్ళకి తేలిక. అన్నయ్యకి ఇంకో సంగతి చెప్పు, నవ్వుతాడు. ప్రవక్త యోనా తల మీద నీడ కోసం దేవుడు ఒక పాదు మొలిపించాడు. గ్రీకులో అది ఆనపపాదు లాంటిది. కొన్ని వందల ఏళ్ళకి ఒక పండితుడు తిన్నగా హెబ్రీ చూసి లాటిన్‌లోకి మార్చి, అది ఆనపపాదు కాదు వేరే తీగ అని రాశాడు. ఆఫ్రికాలో ఒక ఊరి గుడిలో అది చదివారు. తాతల నాటి నుంచి వింటున్న ఆనపపాదు ఏమైందని జనం లేచి గొడవ. గురువుగారు కొలువు పోతుందని భయపడి మళ్ళీ పాత మాటే చదివాడట. మీ పెరట్లో పాదు మాడితే అన్నయ్య చేసే గొడవ కంటే ఎక్కువే అయి ఉంటుంది.

తేల్చమన్నాడు కదా. రాసింది మంచమే అని నేననుకుంటాను. చావబోయే మనిషి మంచం మీదే ఉంటాడు. కానీ నా మాటకేం, ఆయనకి ఏది నచ్చితే అది పెట్టుకోమను. రెండు వేల ఏళ్ళుగా జనం అలాగే పెట్టుకున్నారు.

ఆయన ఒంట్లో ఎలా ఉందో నువ్వు ఎప్పుడూ రాయవు. నీళ్ళు ఎక్కువ తాగమను.

చిన్నాన్న

*

తార్‌బహార్
30 జూన్ 2025

చిన్నాన్న గారికి,

నాన్న పోయారు. జూన్ పంతొమ్మిదిన, గురువారం, పొద్దున్న. మీకు టెలిగ్రాం ఇచ్చే రోజులు కావు, ఫోన్ మీరు ఎత్తరు, మీ పాఠశాలకి సెలవులని ఎవరూ పలకలేదు. అయినా నిజం చెప్తాను. దొరికినా చెప్పాలనిపించలేదు.

అర్పా నది ఒడ్డున తలకొరివి నేనే పెట్టాను. అన్నలూ తమ్ముళ్ళూ లేరు, మీరు లేరు. ఆడపిల్ల పెట్టడమేమిటని ఒకరిద్దరు అన్నారు. మా వీధిలో ఉండే అసిరమ్మ పెద్దమ్మ వాళ్ళ మీద అరిచి నాకు కుండ ఎత్తి ఇచ్చింది.

ఇప్పుడు ఒట్టు లేదు కాబట్టి అన్నీ రాస్తాను. మార్చిలో నాన్న స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. నేను మీకు మొదటి ఉత్తరం రాసేనాటికి ఆయన మంచం దిగలేదు. ఆ రోజు నాతో అన్నది ఇది: "ఆడు వస్తానంటాడు. నాకు తెల్దా? కానీ ఆడు నన్ను మంచం మీద సూడకూడదు. నాను ఎత్తి పెంచినోడు. నాను కర్ర పట్టుకుని గేటు కాడ నిలబడి, రారా అనాల. ఈ నెలకి రావొద్దను. నెల్లో నాను లేస్తాను." మంచాన పడ్డానని మీకు రాయొద్దని ఒట్టు వేయించుకున్నారు. మీరు కర్రో మంచమో ఆయన ఇష్టం అని రాశారు కదా, అది విని "నాకు కర్రే" అన్నారు. ఆ రోజు నుంచి డాక్టరు చెప్పిన దానికంటే ఎక్కువ నడిచేవారు. వరండాలో పది అడుగులు వేసి, చెమటలు కారుతూ కూర్చుని, మళ్ళీ లేచేవారు. జూన్ తొమ్మిదిన గేటు దాకా వెళ్ళారు.

ఇక రమ్మని రాయనా అంటే వద్దన్నారు. "నెల దాటిపోనాది కదా. ఆడికి లెక్క తెల్దా ఏటి? ఆడే వస్తాడు." ఆ తర్వాత రోజూ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, నాగపూర్ వైపు నుంచి వచ్చే బండి టైముకి గేటు దగ్గర నిలబడేవారు. పదింటి దాకా, ఒక్కోసారి పదకొండింటి దాకా. నేను ఆఫీసుకి వెళ్తుంటే నన్ను చూడకుండా రోడ్డు చూసేవారు. పంతొమ్మిదిన గేటు దగ్గరే గుండె పట్టుకుని కూలబడిపోయారు. మంచం మీద కాదు లెండి, మీరు అనుకున్నట్టు.

నెల రోజులు ఆగమంటే ఆగారు సరే, మాట దాటనన్నారు సరే. నెల తర్వాత రావడానికి మీకు ఏం అడ్డం వచ్చింది? నాయనమ్మ పోయినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. పుస్తకాల్లో ముసలాళ్ళ మీద మీకున్న ప్రేమ మనుషుల మీద లేదు. వ్యాసం చదివి అడ్రసు వెతికిన నాకే బుద్ధి లేదు.

జ్యోతిర్మయి

*

నాగపూర్
8 జూలై 2025

అమ్మా,

నువ్వు తిట్టినదంతా న్యాయమే. ఎక్కువగా ఏమీ రాయలేను.

ఒక్కటి చెయ్యి. ఏప్రిల్‌లో పంపిన కాగితంలో అన్నయ్య చెప్పిన రెండు ముక్కలు, ఆయన అన్నది అన్నట్టు, మీ ఉషారాణి గారి చేత తెలుగు అక్షరాల్లో రాయించి పంపు. ఎందుకని అడగకు.

అసిరమ్మ గారికి నా దండాలు చెప్పు. నేను ఎత్తనన్న కుండ నువ్వు ఎత్తావు. నీకూ దండం పెడుతున్నాను.

శివాజీ

*

తార్‌బహార్
19 జూలై 2025

చిన్నాన్న గారికి,

జ్యోతి చెప్తుండగా ఉషారాణి రాస్తున్నాను. ఇక తన చేత్తో తెలుగు రాయనంటోంది. ఒకటో తరగతి పుస్తకం కూడా నాకు తిరిగి ఇచ్చేసింది. ఇకపై మాటలు తనవి.

ఎందుకని అడగొద్దన్నారు, నేను అడగలేదు. ఆంటీయే అడిగారు. నాన్న మాటలు నేను పలికితే ఆంటీ రాశారు: "నువ్వు రాసింది సదివించుకున్నాను. ఈ నెలకి రావొద్దు." రాసి, దీని కోసం ఆయన ఎందుకు అడిగినట్టు, ఏదీ ఆయన మొదటి జాబు చూపించు అన్నారు. నాన్న దిండు కింద నుంచి తీసి ఇచ్చాను. ఆంటీ చదువుతూ చదువుతూ ఆగి, "ఇదేటి జ్యోతీ, నేలకి అనుంది?" అన్నారు. నెలకే కదా అన్నాను. కాదని వేలు పెట్టి చూపించారు. న మీద ఏత్వం. మీరు స్పష్టంగానే రాశారు. నేను ఆ రోజు కూడబలుక్కుని, నాకు తెలిసిన మాటే ఉంటుందని నెలకి అని చదివేశాను. నాన్నకి అలాగే వినిపించాను.

అప్పుడు మీకు పంపిన కాగితం గుర్తొచ్చింది. ఎత్వానికీ ఏత్వానికీ హిందీలో ఉన్నది ఒకటే మాత్ర. నెల రాసినా నేల రాసినా అక్షరాలు అవే. ఆంటీ హిందీ కాగితం ఒకటి తెచ్చి రెండూ రాయించారు. రెండూ ఒకేలా వచ్చాయి.

నాన్న మిమ్మల్ని నెల ఆగమంటే, ఈ గడ్డ మీద అడుగు పెట్టొద్దని నేను రాసి పంపాను. ఆయన్ని ఎండలో గేటు దగ్గర పది రోజులు నిలబెట్టింది నేనే. ఆపైన మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. రోజూ వంద బిల్టీలు రాస్తాను చిన్నాన్నా, ఏ లారీ ఇంతవరకు తప్పుడు ఊరు వెళ్ళలేదు. నాన్న మాట ఒక్కటే తప్పుడు ఊరు పంపాను.

తెలుగు నాకెందుకు? హిందీలోనే ఉండిపోతే బాగుండేది. ఫోన్లో మీ పాఠశాలలో ఎవరికో ఒకరికి చెప్తే పలక మీద రాసి చూపించేవారు. తెలుగులో రాయాలని, మీరు మెచ్చుకోవాలని నేను కోరుకున్నాను. దానికి నాన్న పోయారు.

మీరు ఏమీ రాయనక్కర్లేదు.

జ్యోతి
(సంతకం తనే చేసింది. పిల్ల అన్నం తినడం లేదు. మీరు తప్పకుండా రాయండి. – ఉషారాణి)

*

నాగపూర్
1 ఆగస్టు 2025

అమ్మా జ్యోతీ,

ఈ జాబు ఉషారాణి గారు నీకు చదివి వినిపించాలి. ప్రతి ఏత్వం దగ్గరా ఆగి మరీ చదవమను.

హిందీలో పొట్టి ఎకారం లేదు. నీ చేతిలో ఉన్న అక్షరాలతో నువ్వు రాశావు, వేరే గుర్తు నీకు లేదు. అందులో నీ తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పాఠం చెప్తున్న మనిషిని నేను. అచ్చు గుర్తు లేని మాట కనిపిస్తే ఆగండి, ఎన్ని విధాలుగా చదవొచ్చో చూడండి, మాట్లాడుతున్న మనిషి ఎవరో చూడండి అని పిల్లల ప్రాణాలు తోడుతాను. మూడు అక్షరాలతో మంచమూ కర్రా ఎలా అయ్యాయో పత్రికలో రాసి పేరు తెచ్చుకున్నాను. హిందీ అక్షరాల్లో తెలుగు రాస్తే నెలా నేలా ఒకటే అవుతాయని ఈ దేశంలో అందరికంటే ముందు తట్టాల్సింది నాకు. నీ దీర్ఘాలు ఎగిరిపోయాయని నవ్వినవాణ్ణి కూడా నేనే. నాకు తట్టలేదు.

అన్నయ్య పుట్టి బుద్ధెరిగి "ఈ నేల" అన్న మనిషి కాదు. నేల అంటే ఆయనకి తుడిచేది, కూర్చునేది. దేశాన్నీ ఊరినీ నేల అనేది పుస్తకాలు చదివే నాలాంటివాళ్ళం. షెడ్డులో పనిచేసిన మా అన్న నాతో పుస్తకాల భాషలో ఎందుకు మాట్లాడతాడు? ఒక్క నిమిషం ఆగి, ఆయన గొంతుతో చదివి ఉంటే తెలిసేది. నేను నా గొంతుతో చదువుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఆయన నన్ను వెళ్ళగొడుతూనే ఉన్నాడని అనుకుంటూ బతికాను. కాగితం రాగానే అందులో అదే కనిపించింది.

ఇంకొకటి నీకు చెప్పాలి. దాచుకుందామనుకున్నాను. కానీ దాస్తే నువ్వు ఎప్పటికీ నీ చేతినే తిట్టుకుంటావు.

జూన్ పదకొండున నేను బిలాస్‌పూర్ వచ్చాను.

నా జాబు దిండు కింద పెట్టుకున్నాడని నువ్వు రాశావు. రావద్దన్న మనిషి నా జాబు దిండు కింద ఎందుకు పెట్టుకుంటాడని వారాల తరబడి ఆలోచించాను. ఆఖరికి టికెట్ తీసుకున్నాను. ఆయనకి ఇష్టమని సంత్రా బర్ఫీ కొన్నాను. పొద్దున తొమ్మిదిన్నరకి మీ ఊళ్ళో దిగాను. దిగి బెంచీ మీద కూర్చున్నాను. ప్లాట్‌ఫాం రైల్వే వాళ్ళది, దీన్ని ఆ నేల అనలేం అని నాకు నేను చెప్పుకున్నాను. చూడు, పంతుళ్ళ బుద్ధి ఎలా ఉంటుందో. కాసేపటికి లేచి పైవంతెన ఎక్కాను. వంతెన కూడా నేల కాదు. అక్కడి నుంచి తార్‌బహార్ వైపు రోడ్డు కనిపిస్తుంది. చిన్నప్పుడు అన్నయ్య డ్యూటీ దిగి సైకిలు మీద ఆ రోడ్డు వెంటే వచ్చేవాడు. నడిస్తే పావుగంట. అవతలి వైపు మెట్లు దిగాను. ఒక్క మెట్టు మిగిలింది. అది దిగితే రోడ్డు.

ఆ మెట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. జనం తోసుకుంటూ పోతున్నారు. ఏదో అంటున్నారు, నాకు వినపడదు. తెలిసినవాళ్ళెవరైనా వచ్చి చెయ్యి పట్టుకుని కిందికి లాగితే బాగుండునని కోరుకున్నాను. అన్నయ్య మాట ఒకసారి దాటి అమ్మ దగ్గర అందరి ముందూ ఆయన పరువు తీశాను, ఈసారి దాటకుండా ఉంటే నన్ను క్షమిస్తాడని కూడా అనుకున్నాను. నిజంగానే అనుకున్నానమ్మా. ఆయన్ని సంతోషపెడుతున్నాననే అనుకుంటూ తిరిగి మెట్లెక్కాను. బర్ఫీ డబ్బా ప్లాట్‌ఫాం ఊడ్చే ఆవిడకి ఇచ్చి, ఒంటిగంట బండికి నాగపూర్ వచ్చేశాను.

ఇదీ జరిగింది. నీ కాగితం నన్ను ఆపలేదు. ఆ మెట్టు దాకా వచ్చి, నేనే ఆగిపోయాను. ఉషారాణి గారి దగ్గర నీ పుస్తకం వెనక్కి తీసుకో. అన్నం తిను. నాకు జాబు నీ చేత్తోనే రాయి, ఏ అక్షరాల్లో రాసినా సరే, ఇక మీద ఆగి చదువుతాను. అన్నయ్య గురించి ఏం గుర్తొస్తే అది రాయి, ఏం తినేవాడో, ఎవరిని తిట్టేవాడో, అన్నీ.

పదకొండో తారీఖున గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో నీకు గుర్తుండే ఉంటుంది. అది మాత్రం నాకు రాయకు.

నీ చిన్నాన్న
శివాజీ